ఆఖరి బస్సు కోసం కోసిన సినిమా

ఆపరేటర్‌కు అభిమానులంటే గిట్టదు. సినిమా అన్నా ఆయనకు పెద్ద ప్రేమేమీ లేదు గానీ, సినిమా ఎంత వాగినా స్విచ్ కట్టేస్తే ఊరుకుంటుంది. అభిమాని ఊరుకోడు. ఆ ఊరి అభిమానులు పాతికేళ్లుగా ఆయన్ని పీట వేసి కూర్చోబెట్టి గురువుగారూ అంటున్నారు. వాళ్లను మనసులో తిట్టుకుంటూనే ఆయన ఆ పీట దిగకుండా కూర్చున్నాడు. పొగిడేవాడు వెధవ అని తెలిసినంత మాత్రాన పొగడ్త చేదవుతుందా మరి.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. పదహారో ఏట హాలు గుమ్మంలో టికెట్లు చింపడానికి చేరి, పద్దెనిమిదో ఏట మెట్లెక్కి కేబిన్‌లోకి వెళ్లాడు. అక్కడే నలభై రెండేళ్లు ఉన్నాడు. పదడుగుల గది, రెండు ప్రొజెక్టర్లు, వాటి వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీల పొగ, గోడకు జానెడు కిటికీ. ఆ కిటికీలోంచి లోకంలోని హీరోలందర్నీ చూశాడు, ఒక్కడి మీదా గౌరవం మిగల్లేదు. ఇప్పుడా హాలును మూడు ముక్కలు చేసి మూడు చిన్న హాళ్లు కట్టారు. బొమ్మ వెయ్యడానికి మనిషే అక్కర్లేదు, టికెట్లిచ్చే అమ్మాయే ఒక చేత్తో మీట నొక్కుతుంది. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. ఆదివారాలు అక్క ఇంట్లో భోజనం, మిగతా రోజులు సొంత వంట. ఊరంతా ఆయన్ని ఆపరేటర్ అంటుంది. ఒరేయ్ అని పిలిచే మనిషి అక్క ఒక్కతే మిగిలింది.

ఆయనకు అంత పేరు తెచ్చిపెట్టిన సినిమాకు అసలు పేరు వేరే ఉంది గానీ, జనం నోట్లో అది మొదట్నుంచీ తలుపు సినిమానే. పాత మేడ, అందులోకి కొత్తగా దిగిన దంపతులు, పైన ఎప్పుడూ తాళం వేసి ఉండే గది. ఒకచోట ఆ ఇల్లాలు తాళంచెవి సంపాదించి, మెట్లెక్కి, తలుపు పిడి మీద చెయ్యి వేస్తుంది. వేసీ వెయ్యకముందే కేక. తలుపు తెరవడం లేదు, లోపలేముందో చూపడం లేదు. చెయ్యి, కేక, మెట్ల కింద పడి ఉన్న మనిషి, అంతే. హాల్లో జనం సీట్లలోంచి లేచిపోయేవారు. బెంచీ క్లాసులో ఒకాయన పక్కనున్న పెద్దమనిషి ఒళ్లోకి ఎక్కి కూర్చున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అభిమానులు దీనికి ‘దెబ్బ’ అని పేరు పెట్టారు.

ఈ అభిమానులకు పెద్ద దిక్కు జిరాక్సు షాపాయన. పదేళ్ల వయసులో ఆ సినిమాకు వెళ్లి, దెబ్బ పడగానే సీటు కింద దూరి, ఆట అయిపోయాక గేటుకీపర్ లాగితే బయటికొచ్చాడు. ఆ భయపడటమే ఆయన జీవితంలో సాధించిన ఘనకార్యం. ఇప్పటికి యాభై ఏళ్లొచ్చినా గుండెల మీద తలుపు బొమ్మ వేసిన నల్లచొక్కాలే తొడుక్కుంటాడు, అందుకని ఊళ్లో ఆయన్ని నల్లచొక్కా అనే అంటారు. కాగితం తన షాపుదే కదా అని దెబ్బ మీద నలభై పేజీల పుస్తకం రాసి అందరికీ పంచాడు. “చేతికీ కేకకీ మధ్య ఉన్న ఆ శూన్యంలోనే దర్శకుడి మేధస్సు అంతా ఉంది” అని అందులో పెద్ద అక్షరాలతో రాశాడు. పుస్తకాన్ని ఆపరేటర్‌కే అంకితం చేశాడు.

ఆపరేటర్ దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివి, నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. ఆ శూన్యంలో ఉన్నది దర్శకుడి మేధస్సు కాదు. ఆఖరి బస్సు టైము.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో సినిమాను కొయ్యడం రహస్యమూ కాదు, తప్పూ కాదు, పనిలో ఒక భాగం. చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు సెకండ్ షో వదిలాక ఆఖరి బస్సు ఎక్కాలి. తలుపు సినిమా దానికి పదకొండు నిమిషాలు ఎక్కువైంది. బస్సు దొరకదని తెలిస్తే ఎవడూ సెకండ్ షోకి రాడు. రీళ్ల పెట్టె ఉదయం పదింటికి దిగింది, మ్యాట్నీకి వెయ్యాలి. ఓనరు కేబిన్‌లోకి వచ్చి, “పదకొండు నిమిషాలు లేపెయ్. కేకలు ముట్టుకోకు, మాటలు తీసెయ్” అని వెళ్లిపోయాడు. ఆపరేటర్ రీళ్లు విప్పి, ఫిల్మును దీపానికి ఎత్తిపట్టుకుని చూస్తూ, ఎక్కడ ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నారో అక్కడ కత్తెర వేశాడు. దీపం ముందు పట్టుకున్న ఫిల్ముకు మాట వినపడదు. గోరంత మనుషులు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంటారు, అంతే.

కోసిన ముక్కలు పారెయ్యకూడదు. చుట్ట చుట్టి, రీలు నంబరు రాసిన చీటీ పెట్టి, మేకుకు తగిలించాలి. సినిమా ఎత్తేసి ప్రింటు ఇంకో ఊరికి పంపేటప్పుడు ఎక్కడివక్కడ అతికించి పంపాలి. అక్కడి ఆపరేటర్ తన ఊరి బస్సును బట్టి మళ్లీ కోసుకుంటాడు. ఒక ఊళ్లో పాట ఉండదు, ఇంకో ఊళ్లో పోలీసులు రారు, మరో ఊళ్లో పెళ్లి కాకుండానే పిల్లలు పుడతారు. ఎవడి సినిమా వాడిది. తలుపు సినిమా తీసిన కంపెనీ తర్వాత దివాలా తీసింది, మంచి కాపీ ఎక్కడా దొరకలేదు. కాసెట్ల షాపువాడు ఇదే హాలు బాల్కనీలో కెమెరా పెట్టి దొంగతనంగా తీసిన బొమ్మే ఈ ఊళ్లో చేతులు మారుతూ వచ్చింది. అభిమానులు కళ్లకద్దుకుని, అసలు సిసలు సినిమా అని కొలిచింది దాన్నే.

ఇంతవరకూ నవ్వుకోవలసిన కథే. ఆపరేటర్ కూడా నవ్వుకుంటూ బతికేసేవాడు, ఆ ఏడో రీల్లో తలుపు దగ్గర తీసేసిన మూడున్నర నిమిషాల్లో ఆయన అక్క లేకపోయి ఉంటే.

అక్క అప్పట్లో ఆసుపత్రిలో ఆయా. సినిమావాళ్లు ఆసుపత్రి వెనక మూతపడిన పాత మేడను అద్దెకు తీసుకుని షూటింగు చేశారు. ముసలి పనిమనిషి వేషం వెయ్యాల్సిన నటి రైలు అందక రాలేదు. ఉతికి ఆరేసిన పక్కగుడ్డల మీంచి లైట్లవాడు తీగ లాగుతుంటే అక్క వాణ్ని నిలదీసింది. దర్శకుడు ఆ గొంతు విని, ఈవిడకే నెరిసిన విగ్గు పెట్టండి అన్నాడు. రెండు రోజుల పని, కాగితం నిండా మాటలు. ఆ మాటలు అక్క వార్డులో పక్కలు సర్దుతూ, ఇంట్లో బట్టలు మడతపెడుతూ వల్లించేది. “జ్వరం తగ్గేదాకా పక్కనే కూర్చుంటానన్నానమ్మా, కూర్చోనివ్వలేదు.” తమ్ముడికి అవి కంఠతా వచ్చేశాయి.

వచ్చాయి గనకే పొరపాటు జరిగింది. తెర మీదే చూద్దువుగాని అని అక్క తన వేషమేమిటో చెప్పలేదు. జ్వరం, ఆయా, ఆసుపత్రి వెనక షూటింగు. ఇవన్నీ కలిపి, అక్క ఉన్నది ఆసుపత్రి సీనులోనని ఆయన అనుకున్నాడు. మూడో రీల్లో ఒక ఆసుపత్రి సీను ఉంది. బస్సు పోయినా సరేనని ఆ రీలు మీద కత్తెర పెట్టలేదు. అక్క కోసం ఓనరు మాటనే పక్కన పెట్టానని లోలోపల గర్వపడ్డాడు కూడా. ఏడో రీల్లో తలుపు ముందు దీపం పట్టుకుని మాట్లాడుతున్న గోరంత ముసలిదాన్ని మాత్రం, ఎవత్తో వాగుతోందిలే అని కోసి మేకుకు తగిలించాడు.

ఆ మొదటి రోజు మ్యాట్నీకే అక్క వార్డు మొత్తాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయాలు, నర్సులు, అంబులెన్సు డ్రైవరు, వంటగదివాళ్లు, వాళ్లందరి ముందూ బావ, అందరికీ అక్కే టికెట్లు తీసింది. ఆపరేటర్ మూడో రీలు ఎక్కించి కిటికీకి అతుక్కుపోయాడు. ఆసుపత్రి వచ్చింది, మంచం వచ్చింది, నర్సు వచ్చింది. ఆ నర్సు అక్క కాదు. సరే ఇంకెక్కడో ఉంటుందని చూశాడు. ఏడో రీలు వచ్చింది. చెయ్యి, కేక. హాలు దద్దరిల్లింది. అప్పుడు ఆయన మేకు మీది చుట్ట తీసి దీపానికి పెట్టి చూశాడు. విగ్గు కింద అక్క ముఖం. అక్క కింద హాల్లో కూర్చుని, తాను ఎప్పుడొస్తానా అని ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఆట అయిపోయింది. అందరూ లేచాక కూడా అక్క లేవలేదు. బావ అందరికీ వినపడేలా, “మా ఆవిడ చాలా సహజంగా నటించింది, ఉన్నట్టే తెలీలేదు” అన్నాడు. వార్డు వార్డంతా నవ్వింది. ఆ హాస్యాన్ని బావ ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు, చనిపోయే ముందు నెలదాకా, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ వినిపించాడు. అక్క కూతురిని బళ్లో కనపడని హీరోయిన్ కూతురని ఏడిపించారు.

ముక్క అతికించడానికి ఎంతసేపు. ఫిల్ము అతికించే సిమెంటు రాసి నొక్కితే పావుగంట పని. ఫస్ట్ షోకే అతికించేద్దామని ఆయన సీసా మూత తీశాడు. అంతలో ఓనరు మెట్లెక్కి వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. “బాల్కనీలో ఇద్దరు స్పృహ తప్పారు. ఆ తలుపు దగ్గర ఏం చేశావో గానీ, నీ చెయ్యి బంగారంరా. ఇక దాని జోలికి పోకు” అన్నాడు. పదేళ్లలో ఓనరు ఆయన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆయన సీసా మూత పెట్టేశాడు. వచ్చేవారం అతికిద్దామనుకున్నాడు. సినిమా ఇరవై రెండు వారాలు ఆడింది.

ఆ సాయంత్రమే అక్క ఆయన గదికి వచ్చింది. “నేను బాగా చెయ్యలేదు కదరా. అందుకే తీసేశారు. షూటింగులో ఆ దర్శకుడు బాగుందన్నది ముఖప్రీతికి అన్నాడు, అంతే” అని ఏడ్చింది. అప్పుడు చెప్పవచ్చు. ఎవరైనా చెబుతారు. ఆపరేటర్ తేలు కుట్టిన దొంగలా కూర్చుని, “సినిమావాళ్లంతే అక్కా, వాళ్లకు కృతజ్ఞత ఉండదు” అన్నాడు. అక్క మళ్లీ హాలు గడప తొక్కలేదు. ఆయన మాత్రం ఆదివారం తప్పకుండా ఆమె ఇంటికి వెళ్లి, ఆమె వడ్డిస్తే తిని వచ్చేవాడు.

నలభై ఏళ్లు ఇలాగే గడిచిపోయాయి. ఇంకో పదేళ్లు ఆగి ఉంటే అందరూ పోయి గొడవ వదిలేది. కానీ సినిమావాళ్లకు డబ్బు అయిపోయినప్పుడల్లా పాత శవాలు గుర్తొస్తాయి. ఎక్కడో ఒక షెడ్డులో ఆ సినిమా నిండు ప్రింటు బయటపడింది. దర్శకుడు ఎప్పుడో పోయాడు. నిర్మాత కొడుకు కొత్త కంపెనీ పెట్టి దానికి రంగులు దిద్దించి, అప్పట్లో దర్శకుడే వద్దని పారేసిన తుక్కు ఇంకో ఎనిమిది నిమిషాలు ఏరి కలిపాడు. జనం దగ్గర మిగిలిన ఆ దొంగ కాసెట్టుతో పోల్చి లెక్కగట్టి, “మీరెన్నడూ చూడని పంతొమ్మిది నిమిషాలతో” అని పోస్టరు వేశాడు. ఆ ఎనిమిది నిమిషాల్లో ఉన్నదల్లా హీరో కొవ్వొత్తి పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడవడమే. కరెంటు పోయిన ఇంట్లో ప్రతివాడూ చేసే పని అది, దానికి టికెట్టు కొనాలట.

ఊరి అభిమానులు రెండు ముక్కలయ్యారు. ఒక్క క్షణం కూడా కలపడానికి వీల్లేదనే వర్గానికి నల్లచొక్కా నాయకుడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. రెండో వర్గానికి మందుల షాపాయన నాయకుడు. ఆయనకు సినిమా ఎంత పొడుగైతే అంత గొప్ప, పాత్రధారులు భోజనాలు చేస్తున్నది కలిపినా కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఒకాయన చూడకుండానే తిట్టాడు, ఇంకొకాయన చూడకుండానే ఏడ్చాడు. మొదటి వర్గం ఆ సినిమా చూడకూడదని తీర్మానం చేసి, ఎంత చెడగొట్టారో చూడాలి కదా అని ముందు వరస టికెట్లన్నీ తీసేసుకుంది.

పోస్టరు తర్వాత ఫోన్లలో చిన్న ముక్క వచ్చింది. తలుపు పిడి మీద చెయ్యి, వెంటనే కేక రావలసిన చోట, దీపంతో ఒక ముసలి పనిమనిషి. నల్లచొక్కా పరుగెత్తుకుంటూ ఆపరేటర్ ఇంటికి వచ్చాడు.

“చూశారా గురువుగారూ. దెబ్బ నడుం విరగ్గొట్టారు. ఎవత్తినో పట్టుకొచ్చి కొత్తగా తీసి అతికించారు. ఆ నటన చూడండి, బియ్యం కొలుస్తున్నట్టు మాట్లాడుతోంది.”

ఆపరేటర్ ఫోన్ వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

“ఆదివారం పొద్దున ఆట మనదే, రెండు వర్గాలూ కలిసి హాలంతా తీసుకున్నాం. ఆట అయ్యాక మీరు స్టేజి ఎక్కి ఒక్క మాట చెప్పాలి. ఇరవై రెండు వారాలు ఆ ప్రింటు వేసిన చేతులు మీవి. ఆ ముసలిది అప్పుడు లేదని మీరంటే మందుల షాపువాడి నోరు శాశ్వతంగా మూతపడుతుంది. దాన్ని రాసి కంపెనీకి కూడా పంపుతాం.”

“లేదు కదా మరి” అన్నాడు ఆపరేటర్. అది అబద్ధం కాదు. ఆ ఊళ్లో లేదు. ఇలాంటి నిజాలతోనే ఆయన నలభై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

మర్నాడు అక్క వచ్చింది. డెబ్బై ఐదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో మూడు వీధులు నడిచి వచ్చింది, వెనకాల టైలరింగు చేసుకునే కూతురు. కూతురే ఫోన్లో ఆ ముక్క చూపించిందట. అక్క కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది.

“ఒరేయ్, నేనున్నాన్రా.”

ఆపరేటర్ కుర్చీ ఆమె దగ్గరికి జరిపాడు.

“ఆ దర్శకుడు పోయాడట కదా. పోయేముందు మనసు మార్చుకుని ఉంటాడు. ఆవిణ్ని తీసేసి తప్పు చేశానని ఎవరితోనో చెప్పి ఉంటాడు. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను, పాపం.”

“మావయ్యా, ఆదివారం ఆటకి మాకు రెండు టికెట్లు ఇప్పించు. అభిమానులదట కదా, నీ మాట కాదనరు” అంది మేనకోడలు. “నాన్న ఉంటే బాగుండేది. కుర్చీకి కట్టేసి చూపించేదాన్ని.”

ఆయన టికెట్లు ఇప్పించాడు. ఇప్పించి వారమంతా నిద్ర లేకుండా గడిపాడు. లేదని చెబితే అక్క అభిమానుల ముందు కంపెనీవాళ్లు సృష్టించిన దొంగబొమ్మ అవుతుంది. ఉందని చెబితే, మరి ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదని అడుగుతారు. ఒంట్లో బాగాలేదని ఇంట్లో పడుకుందామా అని కూడా ఆలోచించాడు. అది ఆయనకు బాగా అలవాటైన పద్ధతే. కానీ అక్కను ఆ మూక మధ్య ఒంటరిగా వదలడానికి మాత్రం మనసొప్పలేదు. అంత మాత్రం రక్తం ఆ ఒంట్లో మిగిలి ఉంది.

ఆదివారం ఉదయం పదింటికి తొంభై సీట్ల చిన్న హాలు నిండిపోయింది. నల్లచొక్కాలన్నీ ముందు, మందుల షాపు వర్గం వెనక. అక్క మధ్య వరసలో కూర్చుంది, ఒక పక్క కూతురు, ఒక పక్క తమ్ముడు. వరండాలో కొవ్వొత్తి నడక వచ్చినప్పుడు ముందువాళ్లు ఆవలించారు, వెనకవాళ్లు ఆహా అన్నారు. తర్వాత మెట్లు, తలుపు, పిడి మీద చెయ్యి. తొంభై మంది ఊపిరి బిగబట్టారు.

కేక రాలేదు. దీపం పట్టుకుని అక్క వచ్చింది.

“ఆ గదిలో ఏమీ లేదమ్మా, ఒక మంచం ఉంది. జ్వరం తగ్గేదాకా పక్కనే కూర్చుంటానన్నానమ్మా, కూర్చోనివ్వలేదు. పిల్ల రాత్రంతా పిలిచిందట.”

ముందు వరసలో ఎవడో “కట్” అని అరిచాడు. ఇంకొకడు బొంగురుగొంతుతో ఆమెను వెక్కిరించాడు. తీసెయ్, తీసెయ్ అని చప్పట్లతో తాళం వేశారు. నల్లచొక్కా వెనక్కి తిరిగి ఆపరేటర్‌కు చెయ్యి ఊపాడు. అక్క వాళ్లెవర్నీ చూడలేదు. తెర మీది మాటలకు ఆమె పెదవులు కదులుతున్నాయి. నలభై ఏళ్ల తర్వాత కూడా ఒక్క మాట తప్పిపోలేదు.

బాగా చేసింది. జానెడు కిటికీలోంచి నలభై రెండేళ్లు నటుల్ని చూసి, ఒక్కడినీ మెచ్చని మనిషికి ఆ సంగతి అర్థమైంది. అక్క చాలా బాగా చేసింది. ఆమె చెప్పాక ఇల్లాలు తలుపు తీస్తే, లోపల నిజంగానే ఒక చిన్న మంచం ఉంది. అప్పుడు వచ్చిన కేక భయంతో వచ్చింది కాదు, చచ్చిపోయిన పిల్ల తల్లి కేక. ఆ పిల్ల ఆ ఇల్లాలికి ఏనాడో దూరమైన సొంత కూతురనే ముక్క కూడా అక్క మాటల్లోనే ఉంది. ఈ ఊరు కథ మొత్తం పోగొట్టుకుని, ఒట్టి అరుపుకు నలభై ఏళ్లు చప్పట్లు కొట్టింది. ఆపరేటర్‌కు సిగ్గేసింది. అభిమానులను చూసి కాదు.

ఆట అయ్యాక మైకు పట్టుకుని నల్లచొక్కా స్టేజి ఎక్కాడు. గురువుగారిని పైకి పిలిచి, చెయ్యి పట్టుకుని అడిగాడు. “చెప్పండి గురువుగారూ. ఆ ముసలిది అప్పుడు ఉందా, లేదా?”

“ఉంది” అన్నాడు ఆపరేటర్.

ఆయన మైకు తన చేతిలోకి తీసుకున్నాడు.

“సినిమాలో ఉంది. నేను కోసేశాను. సెకండ్ షో వదిలేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోతోందని ఓనరు పదకొండు నిమిషాలు తియ్యమంటే తీశాను. మీరు దెబ్బ దెబ్బ అంటారే, అది దర్శకుడు పెట్టింది కాదు. నా కత్తెర పడిన చోటు. మిగతా ఊళ్లలో ఆవిడ ఉంది. ఇక్కడే లేదు. ఆవిడ మా అక్క.”

ముందు ఎవరో నవ్వారు. ఆ తర్వాత గోల మొదలైంది. నల్లచొక్కా ముఖం పాలిపోయింది. గుండెల మీద బొమ్మ తడుముకుని, మైకు లాక్కున్నాడు. “పెద్దాయన కదా, జ్ఞాపకం చెదిరింది. సొంత అక్కను ఎక్కించుకోవాలని ఎవరికుండదు” అన్నాడు. మందుల షాపాయన మొదట లేచి చప్పట్లు కొట్టబోయి, మధ్యలో ఆగిపోయాడు. ఆ నిమిషాలు మొదట్నుంచీ ఉన్నవే అయితే ఇక పొడిగించిందల్లా ఆ కొవ్వొత్తి నడకే, తనకు దక్కిన ప్రత్యేకమేమిటి. మిగతా ఊళ్లవాళ్లంతా ఏనాడో చూసిన మామూలు సినిమాను తాను ఇప్పుడు చూశాడన్నమాట. “కంపెనీవాళ్లు ఎంత ముట్టచెప్పారో” అని ఆయనా అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి. నిజం చెప్పినవాణ్ని తిట్టడానికి ఎంత ఐకమత్యమో.

ఆపరేటర్‌ను ఎవరూ కిందికి దింపలేదు, ఆయనే దిగాడు. దారిలో ఎవరూ గురువుగారూ అనలేదు. దానికి బాధపడాలో వద్దో ఆలోచించే తీరిక ఆయనకు లేదు. అక్క అప్పటికే బయటికి వెళ్లిపోయింది.

హాలు మెట్ల మీద, రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. కూతురు పక్కనుంది. ఆయన దగ్గరికి వెళ్లాడు.

“ఎప్పుడు తెలిసిందిరా నీకు?” అంది అక్క.

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. ఇవాళ తెర మీద చూశాకే తెలిసిందని చెప్పాలనుకుని, వారం నుంచి ఆ మాట మెత్తగా చేసి పెట్టుకున్నాడు. అది నోటిదాకా వచ్చింది.

“ఆ రోజే అక్కా. నువ్వు హాల్లో కూర్చుని ఉండగానే.”

అక్క ఆయన ముఖంలోకి చూసింది.

“ఆ సాయంత్రం నీ గదికొచ్చి ఏడ్చాను.”

“అవును.”

“నేను బాగా చెయ్యలేదని ఏడ్చాను. నువ్వు నన్ను ఊరుకోబెట్టావు.”

“అవునక్కా.”

“మీ బావ అన్నప్పుడల్లా నువ్వు పీట మీద కూర్చుని తింటూనే ఉన్నావు. ఒక్కోసారి నవ్వావు కూడా. నేను చూశాను.”

ఆయన తల దించుకున్నాడు. తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిడితే బాగుండేది, తిట్టిన మనిషి తర్వాత ఎప్పుడో క్షమిస్తుంది. అక్క తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, రెయిలింగు వదిలి, కూతురి వైపు తిరిగింది.

“మధ్యాహ్నం ఆటకి టికెట్లు తియ్యవే. మామూలు జనం వస్తారు, వాళ్లతో కూర్చుని చూస్తాను.”

“మూడా అమ్మా?”

“రెండు చాలు” అంది అక్క.